మా అత్త నమ్మిన మట్టిగడ్డ

మా మేనత్త పోయిందని పక్క పొలం చిన్నాన్న ఫోన్ చేసినప్పుడు నేను ఏడవలేదు. "ఎవులు సూసినారు?" అని అడిగాను. ఆయన, "నానే సూసినాను పిల్లా. పొద్దున పాలకి ఎల్తే తలుపు తియ్యనేదు" అన్నాడు. "ఊపిరి సూసినారా? డాక్టరు ఒచ్చినాడా?" అని మళ్ళీ అడిగాను. ఆయన విసుక్కోలేదు. "మీ అత్త సేతిలో పెరిగినావు, అడక్కుండా ఎలాగుంటావు. అయిపోనాది తల్లీ, ఒచ్చీ" అని పెట్టేశాడు.

బరంపురంలోని గోసాని నువాగాంలో ఆటో మాట్లాడుకుని బయల్దేరాను. దారి పొడుగునా ఒకటే అనుమానం. మమ్మల్ని పరీక్షించడానికి ఆవిడే ఈ కబురు పంపించిందేమో అని. అలాంటి పని ఆవిడకి కొత్తేమీ కాదు. ఒకసారి జ్వరమని కబురు చేసి, ఎవరు పరుగున వస్తారో, ఎవరు నింపాదిగా వస్తారో అరుగు మీద కూర్చుని చూసిన మనిషి. వెళ్ళి చూస్తే ఈసారి నిజమే. బొడ్డున తాళాల గుత్తి అలాగే ఉంది. దాన్ని తీయడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

ఆవిడ మా నాన్నకి అక్క. మా అమ్మ జబ్బుపడి ఉన్న కాలమంతా నన్ను ఆవిడే సాకింది. ఊరు బరంపురానికి దక్షిణాన, ఆంధ్రా సరిహద్దుకి ఇవతల. మామయ్య త్వరగా పోయాక పొలం తనే చూసుకుంది. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా మాట్లాడేది. దేవుడి దగ్గర మాత్రం ఏ భాషనూ నమ్మక, చేతులు జోడించి ఊరుకునేది.

పెళ్ళికి వెళ్తే చెప్పులు సంచిలో వేసుకుని భోజనాల దగ్గర ఒళ్ళో పెట్టుకునేది. బడా బజార్‌లో ఎండుచేపలు కొనేటప్పుడు పైవి చూసేది కాదు. బుట్ట అడుగుదాకా చెయ్యి దూర్చేది. సముద్రం ఒడ్డున మార్కండి ఊరి నుంచి బరంపురం వచ్చి అమ్ముకునే ఆవిడ, "నన్ను కూడా తిరగేసి సూడు వదినా" అని ఎకసెక్కం ఆడేది. "సూసినాను. నువ్వు బానే ఉన్నావు, నీ తక్కెడే ఒంగినాది" అనేది అత్త. వేరే ఎవరి దగ్గరా కొనేది కాదు. వాళ్ళ స్నేహమంతా ఆ తగువులోనే ఉండేది.

నాకు అత్త నేర్పిన మొదటి పాఠం ఒకటి గుర్తుంది. "నవ్వుతా ఒచ్చినోడిని గుమ్మంలో నిలబెట్టు, ఏడస్తా ఒచ్చినోడిని కూకోబెట్టు." దీనివల్ల నేను కొన్ని మంచి స్నేహాలు పోగొట్టుకున్నాను, కొన్ని చెడ్డ వ్యవహారాల నుంచి బయటపడ్డాను. మొత్తం మీద లాభమా నష్టమా అని ఆవిడని అడిగితే, "ఎందుకు అడుగుతన్నావు? ఎవులు అడగమన్నారు?" అంది.

అలా నవ్వుతూ వచ్చినవాళ్ళలో మట్టి మేడమ్ ఒకరు. ఆ పేరు అత్త పెట్టిందే. ఒడియా అమ్మాయి, తెలుగు బాగానే నేర్చుకుంది. చేతిలో ఇనప గొట్టం, భుజాన సంచీ. ఏదో ప్రాజెక్టు తరఫున వచ్చింది. ఊళ్ళో రైతులందరినీ కూర్చోబెట్టి చెప్పింది. వరి కోశాక మోళ్ళకీ గడ్డికీ అగ్గి పెట్టకండి, నేల మీదే ఉండనివ్వండి. ఖాళీ రోజుల్లో జనుమో పెసరో చల్లండి. దున్నడం తగ్గించండి. గట్ల మీద చెట్టూ చేమా కొట్టకండి. ఆకు గాలిలోంచి పట్టుకున్న కార్బన్ వేరు దారిన మట్టిలోకి దిగి, పురుగుల పొట్టలోనూ కుళ్ళిన గడ్డిలోనూ పడి అక్కడే నిలుస్తుంది. నేల గుల్లబారుతుంది, వాన నీరు ఇంకుతుంది. పోయిన జీవాలు మళ్ళీ వస్తాయి. గాలి అంతమేరకు బాగుపడినందుకు ఎక్కడో ఎవరో మీకు కొంత డబ్బు ఇస్తారు. మేడమ్ ఇదంతా ఓపికగానే చెప్పింది, కానీ ఆ చివరి మాట దగ్గరే అంతా చెడింది.

"గాలికి డబ్బులిచ్చినోడిని ఇంతవరకు నాను సూడనేదు" అంది అత్త ఇంటికొచ్చాక. "గాలి సూపించి నేల పట్టుకెల్లినోల కతలు మాత్రం సానా ఇన్నాను."

ఆవిడ విన్న కథ ఒకటి ఉంది. సముద్రం పక్కన ఏదో ఊళ్ళో ఇలాగే టోపీలు పెట్టుకున్నవాళ్ళు వచ్చి, చిన్న చిన్న సంచుల్లో ఇసక పట్టుకెళ్ళారట. ఇసకలో ఏదో ఖరీదైన సరుకు ఉందని తేలిందట. ఆ తర్వాత కంచె పడిందట. ఎవరి ఊరో, ఎప్పుడో అడిగితే చెప్పలేకపోయేది. కానీ మట్టిని సంచిలో కట్టి తీసుకెళ్ళే మనిషిని చూస్తే కనుమరుగయ్యేదాకా చూపు తిప్పేది కాదు. పొలంలో మట్టి పరాయివాళ్ళ చేతికి ఇస్తే పంట కళ పోతుందని మా వైపు పాతవాళ్ళ నమ్మకం కూడా ఒకటి ఉంది. అది నమ్మనని పైకి అనేది గానీ, నాకు ఆ మాట మీదా అనుమానమే.

అయినా ఆవిడ ప్రాజెక్టులో చేరింది. ఎందుకు చేరావని అడిగితే, "దొంగ ఎవులింట్లో దూరతాడో తెలవాలంటే మన తలుపు కొంచెం తీసుంచాల" అంది.

మేడమ్ మట్టి తీయడానికి వచ్చింది. పొలంలో అక్కడా అక్కడా తవ్వి, అంతా ఒక గుడ్డ మీద కలిపి, నీడన ఆరడానికి అత్త అరుగు మీద పరిచి, మిగతా పొలాలకి వెళ్ళింది. అత్త అరుగు మీదే కూర్చుని ఆ మట్టికి కాపలా కాసింది. మేడమ్ తిరిగొచ్చి మట్టిని సంచిలో కట్టుకుని, అత్త ఇచ్చిన మజ్జిగ తాగి, "మౌసీ ఎంత మంచిదో" అనుకుంటూ వెళ్ళిపోయింది. మౌసీ అంటే ఒడియాలో పిన్ని.

మొదటి పంట తర్వాత ఊళ్ళో అందరూ ఎప్పటిలాగే అగ్గి పెట్టారు. పక్క పొలం చిన్నాన్న నేల నల్లగా, శుభ్రంగా కనిపించేది. అత్త పొలం నిండా గడ్డి. ఎలుకలు చేరాయి. జనుము ఒక మూల మొలిచింది, ఒక మూల మొలవలేదు. గట్టు మీద మొగలి పొదలు మరీ గుబురుగా పెరిగాయి. మా వైపు గట్ల మీద మొగలి మామూలే. వానల్లో పువ్వు కోసి అత్తరు బట్టీలకి ఇస్తారు. కానీ ఆ పొదల్లో పాములుంటాయని చిన్నాన్నకి భయం. రెండు పొలాలకీ మధ్య గట్టు అది. "కొట్టీ అప్పా, పిల్లలు తిరుగుతారు" అనేవాడు. అప్ప అంటే మా వైపు అక్క. "గట్టు సన్నబడితే నీ పొలం పెరుగుద్ది, నాకు తెలవదనుకున్నావా" అనేది అత్త. పాపం ఆయనకి ఆ ఆలోచనే లేదని నా నమ్మకం. నా నమ్మకం మీద అత్తకి నమ్మకం లేదు.

తర్వాత తర్వాత పొలంలో మార్పు కనిపించసాగింది. దాన్ని కూడా అత్త మంచి మనసుతో చూడలేదు. వానపాములు మట్టిని పిసికి పైన కుప్పలు పెడుతుంటే, "ఈ ఎర్రలు ఎక్కడివే? మేడమ్ బుట్టతో తెచ్చి ఇడిసీసుంటాది" అంది. పొద్దున్నే గడ్డి మీద సాలెగూళ్ళు మంచుకి తడిసి పొలమంతా పరిచి ఉండేవి. ఆ ఏడు ఊరంతా వరికి దోమ పట్టింది. అత్త పొలానికీ పట్టింది, కానీ తక్కువ. సాలీళ్ళు తినేశాయని మేడమ్ చెప్పింది. అత్త మాత్రం, చిన్నాన్న మందు కొడుతూ గాలివాటున తన పొలం మీదకి కూడా వదిలాడని, అది తన గడ్డి పాడు చేయడానికేనని పట్టుబట్టింది. మొగలి కింద కౌజు పిట్టలు పిల్లల్ని పెట్టాయి. ముంగిస ఒకటి అలవాటుగా తిరిగేది. దాన్ని చూశాక చిన్నాన్నకి పాముల భయం కొంత తగ్గింది. "దాన్ని తనే తెచ్చి పెంచుతన్నానని ఊల్లో సెప్పుకుంటన్నాడట" అని అత్త నాకు ఫోన్లో చెప్పింది. చెప్పుకున్నా తప్పేమిటో నాకు అర్థం కాలేదు.

కొన్ని పంటలయ్యాక మేడమ్ మళ్ళీ వచ్చి మట్టి తీసింది. ఈసారి ఆరబెట్టే పని తన ఆఫీసులోనే పెట్టుకుంది, అరుగు మీద పరచలేదు. కొన్నాళ్ళకి కబురొచ్చింది. చుట్టుపక్కల ఊళ్ళన్నిటిలో అత్త పొలమే ముందుందట. ఎవరూ అనుకోనంతగా మట్టి మారిపోయిందట. ఊళ్ళో కుర్రాళ్ళ క్లబ్ ఇంటి ముందు షామియానా వేసి మీటింగు పెడుతున్నారని, అత్తకి శాలువా కప్పుతారని చెప్పారు. అత్త నాకు ఫోన్ చేసి, "నువ్వు రాయే. సాక్ష్యం ఉండాల" అంది. దేనికి సాక్ష్యమో చెప్పలేదు.

నేను వెళ్ళేసరికి అత్త ముందు వరసలో తేలు కుట్టిన దొంగలా కూర్చుని ఉంది. సంతోషమైతే ముఖంలో తెలుస్తుంది, సిగ్గయితే తెలుస్తుంది. ఇది రెండూ కాదు. నాకు ఎక్కడో తేడా కొట్టింది. మేడమ్ లేచి అత్త పొలం సంగతి చెప్పి, అందరూ ఇలా చేయవచ్చు అంది. అప్పుడు చిన్నాన్న లేచాడు. ఆయన నిజాయితీగా మాట్లాడే మనిషి.

"అప్ప నేల ఇంత గమ్మున మారిపోనాదంటే నాను కూడా ఈ ఏడు అగ్గెట్టను. గడ్డి ఒదిలీస్తాను. నా నేల కూడా ఇలాగే రావాల మరి. రాకపోతే మీ మాట నమ్మను. మల్లీ అగ్గెడతాను, గట్టు మీద మొగలి కూడా మొదలుకంటా కొట్టీస్తాను. ముందే సెప్తన్నాను."

అత్త లేచి నిలబడింది. శాలువా కోసం లేచిందనుకుని ఎవరో చప్పట్లు కొట్టారు.

"కొట్టకండి" అంది అత్త. "అమ్మా మేడమ్, నువ్వు మొదటిపాలి పట్టుకెల్లిన మట్టి నా పొలంది గాదు. కల్లం మట్టి. నువ్వు అలాగ ఎల్లగానే నీ మట్టి పెరట్లో పోసీసి, కల్లంలోది తెచ్చి పరిసీసినాను."

కళ్ళమంటే నూర్పిళ్ళు చేసే చోటు. ఏళ్ళ తరబడి పశువులూ ట్రాక్టర్లూ తొక్కి, ఊడ్చి ఊడ్చి బండబారిన నేల. అక్కడ గరిక కూడా మొలవదు. అలాంటి మట్టిని చూస్తే ఎవరూ ఆశపడి పొలం జోలికి రారని అత్త లెక్క. ఆ చచ్చిన మట్టి పక్కన ఇప్పటి పొలం మట్టి పెడితే ఆకాశానికి ఎగిరినట్టే కనిపిస్తుంది మరి.

షామియానా కింద నవ్వులు లేచాయి. "ఊల్లో అందర్నీ అనుమానించినావు, నిన్ను అనుమానించాలని మాకు తోచనేదు అప్పా" అన్నాడు ఒకాయన. మేడమ్ మాత్రం నవ్వలేదు. ఆ అమ్మాయి ఉద్యోగానికే ఎసరు పెట్టే పని అది. "మౌసీ, నేను మీ చేతి మజ్జిగ తాగి వెళ్ళాను కదా" అంది. ఆ మాటకి అత్త తల దించుకుంది. నా జన్మలో ఆవిడ తల దించుకోవడం చూసింది ఆ ఒక్కసారే.

"ఊరుకుందునేమో తల్లీ" అంది, చిన్నాన్న వైపు చెయ్యి చూపిస్తూ. "ఈడు నమ్మి ఒక ఏడు ఆగుతాడు. రాదు. నేల అంత గమ్మున మారదు. అప్పుడు ఈడు మొగలి కొట్టీస్తాడు, పిట్టలు ఎల్లిపోతాయి. నా అబద్దానికి అయ్యెందుకు పోవాల?"

తనకీ ఆ ఫలితం చూసి అనుమానం వచ్చిందనీ, పైవాళ్ళ సంబరంలో నోరు పెగల్లేదనీ మేడమ్ చాలా రోజుల తర్వాత నాతో చెప్పింది. అప్పుడు మాత్రం కళ్ళు తుడుచుకుని గాజు గ్లాసులు తెమ్మంది. నీళ్ళు పోయమంది. అత్త పొలంలోంచి ఎండిన మట్టిగడ్డ ఒకటి, మొగలి గట్టు కింద నుంచి ఒకటి, చిన్నాన్న పొలంలోంచి ఒకటి తెచ్చి తలా ఒక గ్లాసులో వేస్తే తెలిసిపోతుందంది. జీవమున్న మట్టిని వేళ్ళూ, పురుగుల జిగురూ పట్టుకుని ఉంటాయి, నీళ్ళలో విడిపోదు. కాల్చీ దున్నీ అలిసిపోయిన మట్టిని పట్టి ఉంచేది ఏదీ ఉండదు, కరిగిపోతుంది.

"ఈ నీల్లు ఎక్కడివి?" అంది అత్త.

అప్పుడే అబద్ధం ఒప్పుకున్న మనిషి అడగాల్సిన ప్రశ్నేనా అది? కానీ అడిగింది. ట్యాంకరు నీళ్ళని తెలిసి పారబోయించి, ఇంటి నుంచి తన కుండ తెప్పించి పోసింది. అత్తే ఏరి తెచ్చిన గడ్డలు వేశారు. అందరం ఒంగి చూశాం. చిన్నాన్న పొలం గడ్డ బుడగలు వదిలి, అంచుల నుంచి రాలి, మామూలు బురద అయిపోయింది. మొగలి కింద గడ్డ వేసింది వేసినట్టే ఉంది. అత్త పొలం గడ్డ కొంచెం రాలి, మిగతాది నిలబడింది. ఆకాశానికేమీ ఎగరలేదు, కానీ నిలబడింది. చిన్నాన్న నమ్మలేదు. అప్ప కావాలనే పనికిరాని గడ్డ ఏరిందని, తనే పరిగెత్తి ఇంకోటి తెచ్చాడు. అదీ కరిగింది. శాలువా సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

ఆ ఏడు చిన్నాన్న గట్టు వారన కొంత మేర అగ్గి పెట్టలేదు. మరుసటేడు ఇంకొంచెం. మేడమ్ అత్త పొలంలో మట్టి మళ్ళీ తీసి, ఆ రోజు నుంచే మొదలని రాసుకుంది. ఆవిడ ఉద్యోగం పోలేదు, ఎవరు కాపాడారో తెలియదు. అత్తకి గ్లాసు పిచ్చి పట్టుకుంది. ఊరికి ఎవరొచ్చినా అరుగు మీద గ్లాసు పెట్టి గడ్డ వేసి చూపించేది. "నన్ను కూడా నమ్మకండి. గ్లాసులో ఎయ్యండి" అనేది. ఏటేటా గడ్డ ఇంకొంచెం గట్టిగా నిలిచేది. అది చూస్తూ కూర్చున్నప్పుడు మాత్రమే ఆవిడ ముఖంలో అనుమానం సర్దుకునేది. నన్ను సాకిన రోజుల్లో నాకు జ్వరం తగ్గిందో లేదో నుదుటి మీద చెయ్యి పెట్టి చూసేది, అచ్చం అదే ముఖం. నేనంటే ఆవిడకి ప్రేమ అని నాకు ఏనాడూ అనుమానం రాలేదు. ఆవిడ గురించి నేను అనుమానించనిది అదొక్కటే.

పెద్దకర్మకి ఎండుచేపల మార్కండి ఆవిడ కూడా వచ్చింది. "నా బుట్ట అడుగు సూసేవోలు ఎవులున్నారింక" అని గుమ్మంలో కూర్చుని ఏడ్చింది. ఏడుస్తూ వచ్చింది కాబట్టి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టాను.

ఆ తర్వాత పొలం మాట వచ్చింది. అత్తకి ఒక్కతే కూతురు, నాకు వదిన. బడా బజార్‌లో వాళ్ళకి గాజుల దుకాణం ఉంది, పొలం చూసుకునే తీరిక లేదు. పక్క ఊరాయన ఒకడు కౌలుకి అడగడానికి నవ్వుతూ వచ్చాడు. మొగలి కొట్టించి గట్టు చదును చేస్తాడట. కోత కాగానే అగ్గి పెట్టి వెంటనే రెండో పంట వేస్తాడట. వదిన అలిసిపోయి ఉంది. "ఇచ్చీదామే. అమ్మ అనుమానాలు అమ్మతోటే పోనాయి. జన్మంతా ఏగినాను, ఇంక నా వల్ల గాదు" అంది.

వద్దందామనుకున్నాను. కానీ పొలం ఆవిడది, నాది కాదు. చెప్పబోతే నాకేదో ఆశ ఉందనుకుంటుందని భయమేసింది. అత్త పెంచిన పిల్లలం, ఒకళ్ళ మాట ఒకళ్ళం ఎలా నమ్ముతాం? ఏమీ చెప్పకుండా పొలంలోకి వెళ్ళి ఎండిన గడ్డ ఒకటి తెచ్చాను. అరుగు మీద గ్లాసు పెట్టి, నీళ్ళు పోసి, వదిన ముందు వేశాను. గడ్డ అడుగున కూర్చుంది, చెక్కు చెదరలేదు.

వదిన దాన్ని చూసింది. నన్ను చూసింది. మళ్ళీ గ్లాసు వైపు చూసింది.

"ఈ నీల్లు ఎక్కడివే?" అంది.

వదిన గ్లాసు తీసుకుని నీళ్ళూ గడ్డా వాకిట్లో పారబోసింది. చావు మైలని అత్త కుండ బయట పారేశారు కాబట్టి తనే నూతి దగ్గరికి వెళ్ళి తోడి తెచ్చింది. పొలంలోకి కూడా తనే వెళ్ళింది. మొగలి గట్టుకి దూరంగా, నేను చూపించని చోట వంగి గడ్డ తీసుకుని, దారిలో రెండుసార్లు వాసన చూసుకుంటూ వచ్చింది. గ్లాసు కడిగి, నీళ్ళు పోసి, గడ్డ వేసి, ముందు గొంతుక్కూర్చుంది.

"ఏటి సెప్పినావమ్మా?" అని గుమ్మంలోంచి అడిగాడు కౌలాయన.

"అక్కడే నిలబడు. సూస్తన్నాను" అంది వదిన, తల తిప్పకుండా.

అత్త పోయిన రోజు రాని ఏడుపు నాకు అప్పుడు వచ్చింది. ఎండ అరుగు మీద నుంచి కిందికి జారింది. కౌలాయన ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకి బరువు మార్చుకుంటూ నిలబడి ఉన్నాడు. గ్లాసులో నీళ్ళు తేటగానే ఉన్నాయి. మట్టిగడ్డలోంచి సన్నటి వేరు ముక్క ఒకటి బయటికి వచ్చి నీళ్ళలో ఊగుతోంది. వదిన ఇంకా నమ్మలేదు. గ్లాసుని కొంచెం తిప్పి, అవతలి వైపు నుంచి చూస్తోంది.